పట్టుకోమంటే పట్టుకున్నాడు

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక, ఖాళీ ట్రేలు కడిగే కొళాయి దగ్గర జయరాముడి తల పగిలింది. అప్పటికి పొద్దున పదకొండు గంటలు. వేలం ముగిసి, రైతులంతా టీ అంగళ్ళ దగ్గర చేరారు. జయరాముడు కాటా దగ్గర గూళ్ళు తూకం వేసే మనిషి, యాభైకి దగ్గరపడ్డవాడు. బీడీ కాల్చుకుందామని గోడ వెనక్కి వచ్చాడు. ఆటో నడిపే ఉమేష్ అతని వెనకాలే వచ్చి, చక్రం నట్లు విప్పే ఇనప రాడ్డుతో తల వెనక ఒక దెబ్బ కొట్టాడు. జయరాముడు ఇటు తిరిగాడు. రెండో దెబ్బ దవడ మీద పడింది. కింద పడ్డాక మూడోది.

దానికి వారం ముందు ఉమేష్ ట్రేల్లోని గూళ్ళు తన సంచిలోకి దింపుకుంటూ జయరాముడికి దొరికిపోయాడు. జయరాముడు పదిమంది ముందర చెప్పు తీసి కొట్టాడు. ఆ వారమంతా ఉమేష్‌కు అన్నం సయించలేదు.

రాడ్డు దెబ్బలు చూసినవాడు ఒక్కడే. కొళాయి కింద ట్రేలు కడుగుతున్న తిప్పేస్వామి. ముప్పై రెండేళ్ళవాడు, రెండు మూటలు ఒకేసారి ఎత్తగల భుజాలు, ఎప్పుడూ కొంచెం తెరుచుకుని ఉండే నోరు. మార్కెట్టులో అందరికీ అతను ‘తిక్కోడు’. ఉమేష్ అటూ ఇటూ చూసి, వచ్చి రాడ్డు అతని చేతిలో పెట్టాడు.

“పట్టుకో. ఎవురికీ ఇయ్యొద్దు. నేనొచ్చేదాకా ఈడ్నే ఉండు. తెలిసిందా?”

“ఔనన్నా.”

ఉమేష్ కొళాయి కింద చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

తిప్పేస్వామి రాడ్డును గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. కింద జయరాముడి కాలు కొట్టుకుంటోంది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత రాడ్డు చంకలో ఇరికించుకుని, దోసిలితో నీళ్ళు తెచ్చి జయరాముడి నోట్లో పోశాడు. నీళ్ళు నెత్తుటితో కలిసి చెంప పక్కగా కారిపోయాయి. మళ్ళీ తెచ్చాడు. అలా ఆరేడుసార్లు వంగి లేచేసరికి చొక్కా ముందుభాగమంతా నెత్తురైంది. ట్రేల కోసం వచ్చిన ఇద్దరు హమాలీలకు అతను అలా కనిపించాడు.

“సంపేసినాడ్రా! తిక్కోడు జయరామన్నను సంపేసినాడు!”

నిమిషంలో ముప్పైమంది పోగయ్యారు. మొదటి తన్ను నడుముమీద పడింది.

“రాడ్డు ఇడువురా నా కొడకా!”

తిప్పేస్వామి విడవలేదు. ఎవరికీ ఇవ్వొద్దన్నాడు కదా ఉమేషన్న. నలుగురు కలిసి లాగినా రాలేదు. ఒకడు కట్టె తీసుకుని వేళ్ళమీద కొట్టడం మొదలుపెట్టాడు. కుడిచేతి రెండు వేళ్ళు విరిగాకగానీ రాడ్డు కింద పడలేదు. గూళ్ళ మూటలు కట్టే నైలాను తాడుతో అతన్ని కరెంటు స్తంభానికి బిగించారు. బెల్టుతో కొట్టినవాళ్ళున్నారు, చెప్పుతో కొట్టినవాళ్ళున్నారు, ఎందుకో ఏమిటో తెలియకుండానే వచ్చి ఒక దెబ్బ వేసి పోయినవాళ్ళున్నారు. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది.

“నువ్వేనా కొట్టింది?”

“ఔనన్నా.”

“సంపల్లనే కొట్టినావా?”

“ఔనన్నా.”

ఎవరైనా అదే మాట. ఉమేష్ పేరు అతను దాచలేదు. ఇంకెవరైనా ఉన్నారా అని ఎవరూ అడగలేదు, అంతే.

ఎదురుగా టీ అంగడి శంకరమ్మ పాల గిన్నె ముందు నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది. ఉమేష్ తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ గోడ వెనకనుంచి రావడం ఆమె చూసింది. కానీ ఉమేష్ ఆమె చెల్లెలి కొడుకు. పొంగుతున్న పాలు దించి, నోరు మూసుకుంది.

తిప్పేస్వామిది పెనుకొండ కొండకు పడమటి వైపు మెట్ట ఊరు. తండ్రి చౌడప్పకు ముప్పై గొర్రెలుండేవి. కొడుకు నాలుగేళ్ళకు నడిచాడు, ఆరేళ్ళకు మాట పలికాడు. బడిలో మూడేళ్ళు ఒకటో తరగతిలోనే కూర్చున్నాడు. అయ్యవారు ఏదైనా అడిగినప్పుడు తెలీదంటే బెత్తం పడేది. ‘అర్థమయిందా’ అన్నప్పుడు ఔనంటే పక్కపిల్లాడి దగ్గరికి పోయేవాడు. బడిలో తిప్పేస్వామి నేర్చుకున్న చదువు ఆ ఒక్క మాటే. తర్వాత గొర్రెల వెంట పంపారు. లెక్కపెట్టడం రాకపోయినా, మందలో ఒకటి తప్పితే ఏది తప్పిందో మొహాన్నిబట్టి చెప్పేవాడు.

అతనితో మాట్లాడటం తెలిసింది అక్క సిద్దమ్మకు ఒక్కదానికే. తమ్ముడికంటే ఎనిమిదేళ్ళు పెద్దది. పెళ్ళయి ధర్మవరం పోయింది, మొగుడు పోయాక అక్కడే మగ్గాల ఇళ్ళలో పట్టునూలు కండెలకు చుట్టే పని చేసుకుంటూ ఉండిపోయింది. ‘తిన్నావా’ అని ఆమె తమ్ముణ్ణి ఎప్పుడూ అడగదు. ‘ఏం తింటివో చూపించు’ అంటుంది. అతను ఖాళీ గిన్నె తెచ్చి చూపిస్తాడు.

నాయన, ఆ వెనక అమ్మ తిప్పమ్మ పోయాక గొర్రెలూ పోయాయి. సిద్దమ్మ గదిలో ఇద్దరు కాళ్ళు చాపుకుని పడుకునే చోటు లేదు. ఊరి రైతు ఒకాయన గూళ్ళు అమ్మడానికి హిందూపురం వెళుతూ, “ఆడ మూటలెత్తే పనుండాదిలే, నాతో పంపించు” అంటే ఆమే పంపింది. మార్కెట్టు షెడ్డులో పడక, రెండుపూటలా తిండి, చేతిలో ఎంతో కొంత. ఆదివారాలు రైలెక్కి వెళ్ళి చూసి వచ్చేది. రెండేళ్ళు బాగానే గడిచాయి.

ఆరోజు మధ్యాహ్నం మగ్గాల యజమాని సెల్లులో ఒక వీడియో చూస్తూ, “హిందూపురంలో ఎవురినో తిక్కోణ్ణి కట్టేసి కొడతాండారు సూడండి” అన్నాడు. సిద్దమ్మ కండె పక్కనపెట్టి తొంగిచూసింది. స్తంభానికి కట్టిన మనిషి ప్రతి దెబ్బకీ ముందు తల ఊపుతున్నాడు. ఆ ఊపు ఆమెకు తెలుసు. పని అక్కడే వదిలి రైలుకు పోయింది.

స్టేషన్లో తిప్పేస్వామిని గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నువ్వేనా కొట్టింది అన్నదానికి జవాబు తేలికగానే వచ్చింది. చిక్కంతా తర్వాతి ప్రశ్నతో వచ్చింది.

“ఎందుకు కొట్టినావురా?”

దీనికి ఔనని చెబితే కుదరదు. తిప్పేస్వామి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. కానిస్టేబుల్ లాఠీ అరికాలిమీద పడింది. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ మౌనం, మళ్ళీ దెబ్బ. నాటకాలాడుతున్నాడనుకున్నారు వాళ్ళు. పదో పన్నెండో దెబ్బలయ్యాక, రాసుకునే రైటరు విసుగుపుట్టి ప్రశ్న మార్చాడు.

“జయరాముడు నిన్ను తిట్టినాడా?”

“ఔన్సార్.”

“కోపమొచ్చిందా?”

“ఔన్సార్.”

“రాడ్డు ఆటోలోంచి తీసినావా?”

“ఔన్సార్.”

అలా కాగితం నిండింది. ఎడమచేతి బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించారు. సిద్దమ్మ రైలు దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది.

“వానికి ఏమీ తెల్దు సార్! ఏమడిగినా ఔనంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే!”

“కొట్టేటప్పుడు తెలిసిందిలేమ్మా. ఆడ జయరాముడు బతుకుతాడో లేదో. వాళ్ళ ఇంటికి పోయి చెప్పు ఈ మాట.”

జయరాముణ్ణి బెంగళూరు తీసుకుపోయారు. తలకు ఆపరేషన్ చేశారు. తిప్పేస్వామి మీద హత్యాయత్నం కేసు పెట్టి సబ్‌జైలుకు పంపారు.

ఇరవైమందికని కట్టిన గదిలో నలభై ముగ్గురున్నారు. తిమ్మప్ప అనే ఆయన అక్కడ పెద్ద. పొలం గట్టు తగాదాలో దాయాదిని నరికిన కేసు ఆయనది. రెండేళ్ళుగా విచారణ జరగక అక్కడే పడి ఉన్నాడు. కొత్తవాళ్ళు పాయఖానా కడగాలన్నది ఆయన పెట్టిన రివాజు. తిప్పేస్వామి సంతోషంగా కడిగాడు. అది అతనికి తెలిసిన పనే.

తంటా అంతా లెక్క దగ్గర వచ్చింది. పొద్దునా సాయంత్రం ఖైదీలంతా జంటలుగా, తల వంచి గొంతుకూర్చోవాలి. వార్డరు రెండు, నాలుగు, ఆరు అని లెక్కపెడుతూ పోతాడు. తిప్పేస్వామి ఎక్కడ కూర్చోవాలో తెలియక లేచి ఇంకోచోటికి పోయేవాడు. లెక్క తప్పేది. మళ్ళీ మొదటినుంచి. ఎండలో గంటసేపు నలభై ముగ్గురూ అలాగే కూర్చోవాల్సి వచ్చేది. మూడోరోజు వార్డరు, “తిమ్మప్పా, వీనికి కూర్చోవడం నేర్పిస్తావా, అందరికీ కలిపి నేర్పించమంటావా?” అన్నాడు.

తిమ్మప్ప నేర్పాడు. తడి తువ్వాల్లో సబ్బుబిళ్ళ చుట్టి, వీపుమీద. “కూర్చో. లేయొద్దు.” లేస్తే ఒకటి. నాలుగురోజుల్లో తిప్పేస్వామి ఈల వినిపించగానే గొంతుకూర్చుని తల మోకాళ్ళ మధ్య పెట్టడం నేర్చుకున్నాడు. అక్కడితో ఆగాల్సింది. కానీ పొద్దుపోని మనుషులకు అతనిలోని ఇంకో సంగతి అప్పటికి తెలిసిపోయింది.

“ఏమబ్బా తిక్కోడా, ఒకటి కొట్టమంటావా?”

“ఔనన్నా.”

గదంతా నవ్వు. దెబ్బ.

“ఇంకోటి కావాల్నా?”

“ఔనన్నా.”

ఇది రోజూ ఆటయింది. దెబ్బ తిన్నవాడే అడిగి తింటున్నాడు కాబట్టి కొట్టేవాడికి తప్పనిపించలేదు. చెంపమీద పడ్డ ఒక దెబ్బకు ఎడమచెవిలోంచి చీము నెత్తురూ కారాయి. అటుపక్క వినిపించడం మానేసింది. వినిపించక పలక్కపోతే, పొగరంటూ మళ్ళీ కొట్టారు. అన్నం పళ్ళెంలో నీళ్ళు పోసి తినమన్నారు, తిన్నాడు. వార్డర్లకు కనిపించేదే. ఎవరూ చచ్చిపోవడం లేదు గదా అని నడిచిపోయేవాళ్ళు.

సిద్దమ్మ ములాఖత్తుకు వచ్చినప్పుడు జాలీ అవతల అతను వంకరగా అతుక్కున్న వేళ్ళతో కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు.

“చొక్కా ఎత్తి చూపించు” అంది ఆమె.

ఎత్తాడు. వీపు సగం నల్లగా, సగం పచ్చగా ఉంది. పక్కటెముకల దగ్గర తోలు లేచిపోయింది. సిద్దమ్మ ఏడుస్తూ అక్కడ నిలబడలేదు. నేరుగా జైలు అధికారి గదిముందు కూర్చుంది. పొమ్మన్నా పోలేదు. చివరకు ఆయన, “నెలనెలా వకీలమ్మ వస్తుంది, ఉచితంగా వాదించే ఆమె. ఆమెకు చెప్పుకో” అన్నాడు.

ఆ వకీలు పేరు హేమావతి. న్యాయసేవా సంస్థ తరఫున జైళ్ళకు వచ్చి, వకీలును పెట్టుకోలేనివాళ్ళ కేసులు చూస్తుంది. ధర్మవరం పిల్లే, ముప్పై ఏళ్ళుంటాయి. తిప్పేస్వామి ముందు కూర్చుని మామూలు ప్రశ్నలే అడిగింది. అన్నిటికీ ఔనన్నాడు. కాగితం మూసి లేవబోతుంటే పక్కనున్న సిద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

“అట్ల కాదు మేడమ్. వానికి ఔను, కాదు అనేటివి అడగొద్దు. చూపించమనల్ల.”

“చూపించమంటే చూపిస్తాడా?”

“అడిగి సూడండి.”

హేమావతి తన బ్యాగులోని మడిచిన గొడుగు తీసి అతని ముందు పెట్టింది. “జయరామన్న దగ్గర ఏం జరిగిందో నాకు చూపించు తిప్పేస్వామీ.”

అతను గొడుగు తీసుకుని లేచాడు. మెల్లగా నాలుగడుగులు నడిచి, గాలిలో కొట్టాడు. ఒకటి. ఎదురుగా ఎవరో తిరిగినట్టు కాస్త పక్కకు జరిగి, రెండు. కిందికి వంగి, మూడు. తర్వాత అటూ ఇటూ చూశాడు. గొడుగు తెచ్చి హేమావతి చేతిలో పెట్టి, ఆమె వేళ్ళు దానిచుట్టూ మూశాడు. అతని గొంతు మారింది. ఇంకెవరో మాట్లాడినట్టు, తొందరతొందరగా అన్నాడు.

“పట్టుకో. ఎవురికీ ఇయ్యొద్దు. నేనొచ్చేదాకా ఈడ్నే ఉండు. తెలిసిందా?”

హేమావతి మూసిన కాగితం మళ్ళీ తెరిచింది. “ఈ మాట ఎవరన్నారు?”

“ఉమేషన్న.”

తర్వాతి వాయిదాకు కోర్టులో హేమావతి లేచి, ఇతనికి బుద్ధిమాంద్యం ఉంది, నేరం ఒప్పుకున్నాడన్న కాగితానికి విలువ లేదు, మీ ముందరే చూపిస్తాను అంది. మేజిస్ట్రేటు సరేనన్నాడు. ఆమె తిప్పేస్వామిని మేజిస్ట్రేటువైపు తిప్పి అడిగింది.

“తిప్పేస్వామీ, నిన్న హిందూపురం రైలును నువ్వే ఆపేశావా?”

“ఔన్సార్.”

“ఈ కోర్టు బిల్డింగు నువ్వే కట్టావా?”

“ఔన్సార్.”

వెనకబెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. తానే ఒక ప్రశ్న అడిగాడు.

“నిన్ను జైల్లో ఎవరైనా కొడుతున్నారా?”

“ఔన్సార్.”

“ఎవరూ కొట్టడం లేదు కదా?”

“ఔన్సార్.”

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని కలం తీసుకున్నాడు. మానసిక వైద్యుడి దగ్గర పరీక్ష చేయించి నివేదిక ఇవ్వమని, ఉమేష్ సంగతి మళ్ళీ దర్యాప్తు చేయమని, ఖైదీని వేరేగా ఉంచమని రాశాడు. వైద్యుడి దగ్గర తేదీ దొరకడానికి ఐదువారాలు పడుతుందన్నారు. వేరేగా ఉంచడానికి ఆ జైల్లో వేరే గది లేదు. సాయంత్రానికి తిప్పేస్వామి మళ్ళీ ఆ నలభై ముగ్గురి మధ్యనే ఉన్నాడు.

వ్యాను ఎక్కించేముందు సిద్దమ్మ అతని మొహం రెండుచేతులా పట్టుకుని, వినిపించే చెవి దగ్గర ఒక మాట గట్టిగా నేర్పింది.

“కొట్టమంటావా అని ఎవురైనా అడిగితే ‘వద్దు’ అనల్ల. ఏమనల్ల?”

“వద్దు.”

“మళ్ళా చెప్పు.”

“వద్దు.”

పదిసార్లు చెప్పించింది. అన్నిసార్లూ సరిగ్గా చెప్పాడు.

మూడోరోజు పొద్దున స్నానాల తొట్టి దగ్గర తిమ్మప్ప తడి తువ్వాలు తిప్పుతూ అడిగాడు. “ఏమప్పా, కోర్టుకు పోయొచ్చినావంట. ఒకటి కొట్టమంటావా?”

“వద్దు” అన్నాడు తిప్పేస్వామి.

 తొట్టి చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. “తిక్కోడు మాట నేర్చినాడ్రో!” తిమ్మప్ప కూడా నవ్వుతూనే కొట్టాడు.

“వద్దు.”

ఇంకోటి కొట్టాడు.

“వద్దు! వద్దు!”

ఆ మాట అంటే దెబ్బ ఆగుతుందని అక్క చెప్పింది. ఆగలేదు. తువ్వాలు మూడోసారి పైకి లేచి, తిమ్మప్ప ఎవరితోనో ఏదో అనడానికి అటు తిరిగాడు. తిప్పేస్వామి నీళ్ళున్న ఇనప బక్కెట్టు పిడి పట్టుకుని ఎత్తి, తల వెనక కొట్టాడు. తిమ్మప్ప తూలి ఇటు తిరిగాడు. రెండోది మొహంమీద పడింది. బక్కెట్టు అంచు కంట్లో దిగింది. కిందపడ్డాక ఇంకొకటి కొట్టాడు. మూడు కొట్టి ఆగాడు. బక్కెట్టు గుండెకు హత్తుకుని, ఎవరికీ ఇవ్వకుండా నిలబడ్డాడు.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. వార్డర్లు లాఠీలతో వచ్చారు. ఖైదీలూ చెయ్యి కలిపారు. తిప్పేస్వామి మోచెయ్యి విరిగింది, తల రెండుచోట్ల పగిలింది. ఆసుపత్రిలో అతన్ని మంచానికి గొలుసుతో కట్టారు. అదే ఆసుపత్రిలో వేరే వార్డులో తిమ్మప్ప కుడికన్ను తీసేశారు. తిప్పేస్వామి మీద రెండో కేసు నమోదయింది. ఈసారి పోలీసు వచ్చి, “నువ్వే కొట్టినావా?” అని అడిగితే ఔనన్నాడు. ఈసారి అది నిజమే.

సిద్దమ్మకు ఆ కబురు తెలిసినప్పుడు పని ఇంట్లో కండెల ముందు కూర్చుని ఉంది. “నేనే నేర్పిస్తి” అంది.  మర్నాడు తెల్లారి రైలెక్కి హిందూపురంలో దిగి, శంకరమ్మ టీ అంగడి ముందు కూర్చుంది. ఉమేష్ ఆ అంగడి ముందే ఆటో నిలిపేవాడని, అతను ఆమె చెల్లెలి కొడుకని మార్కెట్టులో ఎవరో చెప్పారు. టీ తాగలేదు. శాపనార్థాలు పెట్టలేదు. ఊరికే కూర్చుంది. రెండోరోజూ వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక శంకరమ్మే బయటికి వచ్చింది.

“నా చెల్లెలి కొడుకమ్మా వాడు. నేనేం చేసేది?”

“వీడు నా తమ్ముడు” అంది సిద్దమ్మ. “నేనేం చేసేది, నువ్వే చెప్పు.”

శంకరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గోడ వెనకనుంచి తడిచేతులతో ఉమేష్ రావడం చూశానని ఆ సాయంత్రం హేమావతి ముందర చెప్పింది. తర్వాత పోలీసుల ముందర కూడా అదే చెప్పింది. ఆ వారమే చెల్లెలు వచ్చి అంగడి సామానంతా రోడ్డుమీద పగలగొట్టి, ఆమె జుట్టు పట్టుకుని ఈడ్చింది. శంకరమ్మ మాట మార్చలేదు. ఉమేష్ అప్పటికే బెంగళూరులో ఇంకో ఆటో నడుపుతున్నాడు. పట్టుకొచ్చారు. వారం తిరక్కముందే చెప్పుదెబ్బ సంగతితో సహా అంతా బయటపడింది.

జయరాముడు బతికాడు. నడుస్తాడు, మనుషుల్ని గుర్తుపడతాడు. మాట మాత్రం ముద్దముద్దగా వస్తుంది. ఆరోజు సంగతి అతనికి గుర్తులేదు. నోట్లో ఎవరో నీళ్ళు పోసినట్టు మాత్రం ఉందని ఇంట్లోవాళ్ళతో అన్నాడట.

మానసిక వైద్యుడు తిప్పేస్వామికి బొమ్మలు చూపించి, చెక్కముక్కలు పేర్పించి, ఇతనిది ఆరేళ్ళ పిల్లాడి బుద్ధి, కేసు విచారణ అంటే ఏమిటో ఇతనికి తెలియదు, ఈ స్థితి మందులతో మారేది కాదు అని రాశాడు. మొదటి కేసునుంచి అతని పేరు తీసేశారు. రెండోదాంట్లో, చూసుకునేందుకు అక్క పూచీ పడితే ఆమెకు అప్పగించవచ్చని, పిలిచినప్పుడల్లా తెచ్చి చూపించాలని కోర్టు చెప్పింది. ఏడు నెలల పదకొండు రోజుల తర్వాత తిప్పేస్వామి బయటికి వచ్చాడు.

ధర్మవరంలో అదే ఇరుకు గదిలో మొదటి నెల సిద్దమ్మకు జైలుకంటే ఎక్కువే అయింది. పొద్దున ఎక్కడ ఈల వినిపించినా, అది చెత్తబండివాళ్ళదైనా సరే, అతను వీధిలో గొంతుకూర్చుని తల మోకాళ్ళ మధ్య పెట్టుకునేవాడు. లేవమంటే లేచేవాడు కాదు. తలుపు వేస్తే గోడకు తల కొట్టుకునేవాడు. ఒకరోజు అతను గిన్నె కడుగుతుంటే సిద్దమ్మ వినిపించని చెవి వైపునుంచి వచ్చి భుజంమీద చెయ్యి వేసింది. అతను తిరిగి చూడకుండానే కొట్టాడు. ఆమె గడపమీద పడింది. ముందరి పళ్ళు రెండు ఊడిపోయాయి. కొట్టింది ఎవరినో చూసుకున్నాక అతను చేతులు రెండూ చంకల్లో దాచుకుని మూలుగుతూ మూలకు జరిగాడు.

కొళాయి దగ్గర జారిపడ్డానని ఆమె అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. గది అద్దెకిచ్చిన ధనలక్ష్మి వచ్చి వాకిట్లో నిలబడింది.

“ఈ మనిషిని యాడన్నా ఆశ్రమంలో పెట్టు సిద్దమ్మా. రేపు నిన్నే సంపుతాడు.”

“సంపితే అప్పుడు సూస్తాంలే. మీరు మాత్రం వాని ఎనకనుంచి రావద్దండి. ముందరనుంచి రండి, చెయ్యి కనిపించేటట్ల రండి.”

ఆమె ఆ మాట వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పిల్లలకు ఆటలా నేర్పింది. అద్దకం వేసేచోట మేస్త్రిని బతిమాలి, రంగు తొట్టిలోంచి తీసిన పట్టునూలు చుట్టలు కర్రకు వేసి పిండే పని ఇప్పించింది. వంకర వేళ్ళయినా పట్టు బలంగానే ఉంది. మేస్త్రి ఎప్పుడూ ఎదురుగా నిలబడే చెబుతాడు. “పిండు” అంటే పిండుతాడు, “చాలు” అంటే ఆపుతాడు.

రెండో కేసు వాయిదాకు పోయిన ఏడాది వేసవిలో తిమ్మప్పను కూడా తీసుకొచ్చారు. కుడికన్ను ఉండాల్సినచోట తోలు ముడుచుకుపోయి ఉంది. వరండాలో అతన్ని చూడగానే తిప్పేస్వామి గోడవారగా గొంతుకూర్చుని తల దించేశాడు. సిద్దమ్మ లేపబోయింది, లేవలేదు. తర్వాత ఆమె తిమ్మప్ప దగ్గరికే నడిచింది.

“అన్నా, వాని తరఫున నేను నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“పట్టుకుంటే కన్నొస్తాదా?” అన్నాడు తిమ్మప్ప. గొంతులో కసి అలాగే ఉంది.  అతను ఉన్న కన్నుతో గోడవైపు చూశాడు. “పసిపిల్లోడి బుద్ధి అని ఎవురూ చెప్పల్యా మాకి. చెప్పినా కొట్టేటోళ్ళమేమో. ఏం చెప్పేది.” పక్కనున్న పోలీసు లాగాడు. కదులుతూ అన్నాడు, “లేపుకో వాణ్ణి. ఈడ లెక్క లేదు.”

తిమ్మప్ప కేసు ఈ ఏడాది ముగిసింది. యావజ్జీవం పడింది. విచారణ అర్థంకాని మనిషి కాబట్టి తిప్పేస్వామిమీద కేసు మాత్రం ముందుకూ పోదు, వెనక్కూ పోదు. మూడునెలలకోసారి సిద్దమ్మ ధర్మవరంలో పొద్దుటి రైలుకు అతన్ని కిటికీ పక్కన, వినిపించే చెవి తనవైపు ఉండేలా కూర్చోబెడుతుంది. కోర్టులో పేరు పిలుస్తారు. ఆమె “ఉండాడు సామీ” అంటుంది. గుమాస్తా రాసుకుంటాడు. బయట హోటల్లో ఇద్దరూ చెరి రెండు ఇడ్లీలు తింటారు. ఆమెకు ముందరి పళ్ళు లేవు కాబట్టి మెల్లగా తింటుంది. అతను తన పళ్ళెం ఖాళీ చేసి ఆమెకు చూపించి, ఆమె ముగించేదాకా కూర్చుంటాడు. తర్వాత రైలు వేళకు స్టేషనుకు నడుస్తారు.